మొదటిసారి మసాజ్‌కు వెళ్తున్నారా? బల్ల ఎక్కే ముందు, ఎక్కాక, దిగాక తెలియవలసిన సంగతులు

ఆరేళ్ల క్రితం మెడ పట్టేసి, తల పక్కకు తిప్పలేని స్థితిలో మొదటిసారి ఒక మసాజ్ కేంద్రానికి వెళ్లాను. పేరు, ఫోను నంబరు రాయించుకున్నారు తప్ప ఇంకేమీ అడగలేదు. బోర్లా పడుకున్న రెండు నిమిషాలకే ఒక మోచెయ్యి నా ఎడమ భుజం రెక్క పక్కన దిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పళ్లు బిగపట్టుకుని గంటసేపు ఓర్చుకున్నాను. నొప్పి పుడుతోందంటే లోపల పట్టు విడుతోందన్నది చిన్నప్పటి నుంచీ విన్న మాట. మర్నాటికి అక్కడ అరచేయంత మేర నల్లగా కమిలింది. మెడ మునుపటికన్నా బిగిసింది. నాలుగు రాత్రులు ఆ పక్కకు ఒత్తిగిలలేకపోయాను.

ఏడాది తరువాత అదే మెడతో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. ఆమె చెయ్యి వేయడానికి ముందు పది నిమిషాలు ప్రశ్నలు అడిగారు. వేశాక కూడా మధ్యమధ్య "ఇలా బాగుందా, తగ్గించమంటారా?" అంటూనే ఉన్నారు. రెండుచోట్ల నేను "తగ్గించండి" అన్నాను, వెంటనే తగ్గించారు. లేచి కూర్చుని, వెనక గోడకున్న గడియారంలో టైము చూడగలిగాను. చాలా వారాల తరువాత మెడ అంత దూరం తిరగడం అదే మొదలు.

అప్పటి నుంచి ఈ విషయం గురించి చదువుతూ, అడుగుతూ, ఇంట్లో అమ్మకు చేస్తూ వచ్చాను. మొదటిసారి వెళ్లేవారికి నేను గట్టిగా చెప్పదలచినది ఒక్కటే: మర్దన ఓర్చుకునే పని కాదు. మీరు నోరు తెరిచి చెబితేనే అవతలివారి చేతులకు దారి తెలుస్తుంది. ఏ దశలో ఏం చెప్పాలో, ఏం అడగాలో వరసగా రాస్తున్నాను.

మర్దన వల్ల నిజంగా ఏం జరుగుతుంది

మనకు ఇది కొత్త సంగతి కాదు. నరక చతుర్దశి తెల్లవారుజామున పీట మీద కూర్చోబెట్టి మాడుకు నువ్వుల నూనె అద్ది తలంటడం, బాలింతకు ఒళ్లంతా నూనె పట్టించి వేడినీళ్లు పోయడం, పసిబిడ్డను చాచిన కాళ్ల మీద బోర్లా వేసుకుని వీపు రాయడం మన ఇళ్లలో చూసినవే. ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు అష్టాంగ హృదయంలో దినచర్య చెబుతూ రోజూ అభ్యంగం, అంటే ఒంటికి నూనె పట్టించి మర్దన, చేసుకోమన్నాడు. తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకంగా పట్టించమన్నాడు. అలసట పోతుందని, మంచి నిద్ర పడుతుందని చెప్పాడు. ఆ వెంటనే, కఫం పెరిగినవారికి, అజీర్ణంతో ఉన్నవారికి, అప్పుడే వమనం, విరేచనం వంటి శోధన చికిత్స పొందినవారికి అభ్యంగం కూడదని కూడా రాశాడు. మొదటి మాటను అందరూ చెబుతారు. రెండో మాటను చాలామంది వదిలేస్తారు. బల్ల ఎక్కబోయే మనిషికి ముందుగా తెలియవలసింది ఆ రెండో మాటే.

నేటి పరిశోధనల్లో ఎక్కువ ఆధారాలు నడుము నొప్పి, మెడ నొప్పి గురించి ఉన్నాయి. వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు, కొత్తగా మొదలైన నడుము నొప్పికి మాత్రల కన్నా ముందు ప్రయత్నించదగిన వాటిలో కాపడంతో పాటు మర్దననూ చేర్చాయి. అయితే దీని వెనక ఉన్న ఆధారాల బలం తక్కువేనని కూడా అవి దాచకుండా చెప్పాయి.

2011లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం నా ఆలోచనను మార్చింది. దీర్ఘకాలంగా నడుము నొప్పితో ఉన్న 401 మందిని మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు నొప్పికి కారణమనుకున్న కండరాలను వెతికి పట్టుకుని లోతుగా మర్దన చేశారు. ఇంకో జట్టుకు ఒళ్లంతా సేదతీరేలా మెత్తగా చేశారు. వారానికి ఒకసారి, గంట చొప్పున, 10 వారాలు. మూడో జట్టుకు మామూలు వైద్యం. 10 వారాలయ్యేసరికి మర్దన పొందిన రెండు జట్లూ మూడో జట్టు కన్నా మెరుగ్గా ఉన్నాయి. లోతైన మర్దనకూ మెత్తని మర్దనకూ మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆరు నెలల దాకా మేలు నిలిచింది, ఏడాదికి చాలావరకు కరిగిపోయింది. నా భుజం మీద దిగిన ఆ మోచెయ్యి అవసరమే లేదని తెలిసినప్పుడు కోపమూ, ఊరటా రెండూ కలిగాయి.

మెడ నొప్పి మీద 2014లో వచ్చిన మరో అధ్యయనంలో, వారానికి రెండు మూడుసార్లు గంట చొప్పున చేయించుకున్నవారికి ఉపశమనం దొరికింది. అరగంట చొప్పున చేయించుకున్నవారికి అంతగా దొరకలేదు. అంటే ఒత్తే బలం కన్నా ఇచ్చే సమయం ముఖ్యమన్నమాట. గడియారం చూసుకుంటూ చేసే 20 నిమిషాల మసాజ్ హాయిగా ఉండవచ్చు గానీ, దానితో పాత నొప్పి పోతుందని ఆశ పెట్టుకోకండి.

ఇక హాయి సంగతి. చర్మాన్ని నెమ్మదిగా నిమిరితే స్పందించే ప్రత్యేక నాడీ తంతువులు మన ఒంట్లో ఉన్నాయి. ఆ స్పర్శ అందినప్పుడు గుండె వేగం తగ్గుతుంది, ఊపిరి నిదానిస్తుంది, బిగిసిన కండరం వదులవుతుంది. ఆందోళన, నిద్రలేమి ఉన్నవారికి ఆ కాసేపు దొరికే నెమ్మది చిన్నది కాదు. వ్యాయామం తరువాతి నొప్పులకూ కొంత పనికొస్తుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే 10 నిమిషాలు మర్దన చేసి, రెండు తొడల నుంచీ కండరపు ముక్కలు తీసి పరీక్షించారు. మర్దన చేసిన కాలిలో వాపుకు సంబంధించిన సంకేతాలు తగ్గాయి. కండరాల్లో పోగై మర్దనతో బయటికి పోతుందని చాలామంది చెప్పే లాక్టిక్ ఆమ్లం పరిమాణంలో మాత్రం తేడా లేదు.

ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి. "ఒంట్లోని విషాలన్నీ బయటికి పోతాయి" అని ఎవరైనా చెబితే ఆ మాటకు ఆధారం లేదు. మర్దనతో పొట్ట కొవ్వు కరగదు. షుగరు నయం కాదు. పక్షవాతం విషయంలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా ముందు ఆసుపత్రికి పరుగెత్తాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటల లోపే సమయం ఉంటుంది. ఆ సమయాన్ని నూనె పట్టించడంలో పోగొట్టుకున్న కుటుంబాలు మన ఊళ్లలో ఉన్నాయి. తరువాత కోలుకోవడానికి కూడా వ్యాయామంతో కూడిన ఫిజియోథెరపీ కావాలి. మర్దన దానికి తోడుగా ఉండవచ్చు, దాని స్థానంలో కాదు.

మొదటి అడుగు: మీరు వెళ్లవచ్చా?

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను, హాని జరిగేది ఇక్కడే కాబట్టి.

జ్వరం ఉంటే వెళ్లకండి. వానాకాలంలో ఒళ్లంతా విరుచుకుపడుతున్నట్టు నొప్పులు పుడితే చాలామందికి మొదట తోచేది ఎవరి చేతనైనా ఒళ్లు పట్టించుకోవడం. అది డెంగీ కావచ్చు. ప్లేట్‌లెట్లు పడిపోయిన ఒంటిని పిసికితే చర్మం కింద రక్తం కమ్ముతుంది. జ్వరం తగ్గి, రక్తపరీక్ష బాగుందని తేలేదాకా ఆగండి.

ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, ఎర్రగా, నొక్కితే నొప్పిగా ఉంటే అది లోతైన సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఆ పిక్కను మర్దన చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది, ప్రాణం మీదికి వస్తుంది. పిల్లల దగ్గరికి అమెరికాకో ఆస్ట్రేలియాకో గంటల తరబడి కదలకుండా విమానంలో కూర్చుని వెళ్లిన పెద్దవారికి, ఆపరేషన్ అయి మంచం పట్టినవారికి, కాలికి పిండికట్టు వేయించుకున్నవారికి ఈ ముప్పు ఎక్కువ. విమానం దిగిన మర్నాడు "కాలు లాగుతోంది, కాస్త పట్టమ్మా" అని అత్తగారో నాన్నగారో అంటే ముందు రెండు పిక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే చెయ్యి వేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి.

వార్ఫరిన్, అపిక్సబాన్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారికి కొద్దిపాటి ఒత్తిడికే కమిలిపోతుంది. ఎముకలు గుల్లబారినవారికి గట్టిగా నొక్కితే పక్కటెముక విరగవచ్చు. ఉబ్బిన సిరల మీద, పుండ్ల మీద, తామర, గజ్జి ఉన్నచోట చెయ్యి వేయకూడదు. బీపీ అదుపులో లేనివారు, గుండె జబ్బు ఉన్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు తమ డాక్టరును అడిగి వెళ్లాలి. మర్దన వల్ల క్యాన్సర్ పాకుతుందన్న భయానికి ఆధారం లేదు. అయినా గడ్డ ఉన్నచోట, రేడియేషన్ ఇచ్చినచోట, ఆపరేషన్ జరిగిన పక్కన నొక్కకూడదు. గర్భిణులు ముందు తమ డాక్టరు మాట తీసుకుని, గర్భిణులకు చేయడంలో శిక్షణ ఉన్నవారి దగ్గరికే వెళ్లాలి. నెలలు నిండుతున్న కొద్దీ పక్కకు ఒత్తిగిల పడుకోబెట్టి మెత్తగా చేస్తారు.

ఇప్పుడే కాలు బెణికిందా? రెండు రోజులు దాన్ని పిసకనివ్వకండి. వాపు మీద రుద్దితే వాపు పెరుగుతుంది. ఎముక విరిగిందేమోనన్న అనుమానం ఉంటే ముందు ఎక్స్‌రే తీయించండి. నడుము నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాలు పట్టు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మెడ విరవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. క్షౌరం అయ్యాక గడ్డం ఒక చేత్తో, తల ఒక చేత్తో పట్టుకుని టక్కున తిప్పి మెటిక విరిచే అలవాటు మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. మెడ వెన్నుపూసల గుండా మెదడుకు వెళ్లే ధమనులు ఉంటాయి. హఠాత్తుగా తిప్పినప్పుడు వాటి లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టి, పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇది అరుదు. కానీ ఆ టక్కుమనే చప్పుడుతో వచ్చే కాసేపటి హాయి కోసం ఈ ప్రమాదం ఎందుకు? కుర్చీలో కూర్చునేటప్పుడే "తల మర్దన చాలు, మెడ తిప్పవద్దు" అని చెప్పేయండి.

రెండో అడుగు: ఏ రకం?

స్వీడిష్ మసాజ్ అని పిలిచేది మెత్తని పద్ధతుల్లో ఒకటి, మొదటిసారి వెళ్లేవారికి నా సలహా ఇదే. స్వీడన్‌లో పెహర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో స్థాపించిన వ్యాయామ విద్యాసంస్థ వల్ల ఈ పేరు స్థిరపడింది. ఇందులోని పద్ధతులకు ఫ్రెంచి పేర్లు పెట్టి క్రమంలో పెట్టిన ఘనతను డచ్ వైద్యుడు యోహాన్ మెట్స్‌గెర్‌కు ఇస్తారు. ఆ పేర్లు మనకు అక్కరలేదు, మన క్రియలే సరిపోతాయి: నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, వేళ్లతో వణికించడం. థెరపిస్టుతో మాట్లాడేటప్పుడు "అక్కడ పిసకవద్దు, నిమిరితే చాలు" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

డీప్ టిష్యూ అనేది లోపలి కండర పొరలను నెమ్మదిగా, గట్టిగా పట్టే పద్ధతి. థాయ్ మసాజ్ వదులైన బట్టలతోనే, నేల మీద పరచిన పరుపుపై, నూనె లేకుండా, ఒంటిని సాగదీస్తూ చేస్తారు. యునెస్కో 2019లో దీన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. బట్టలు తీయడానికి ఇబ్బందిపడేవారికి ఇది నప్పుతుంది, మోకాళ్లు, నడుము బాగా అరిగినవారికి నప్పదు. కేరళ పద్ధతి ఆయుర్వేద కేంద్రాల్లో కొయ్య బల్లమీద, చాలాచోట్ల ఇద్దరు మనుషులు చెరోవైపు నిలబడి ఒకే లయలో అభ్యంగం చేస్తారు. నూనె ఎక్కువ, ఒత్తిడి తక్కువ. పాదాల రిఫ్లెక్సాలజీలో అరికాలిలో ఒక్కో చోటు ఒక్కో అవయవానిదని చెబుతారు. కాలేయాన్నో మూత్రపిండాన్నో అలా బాగుచేయవచ్చనడానికి రుజువు లేదు. రోజంతా నిలబడి పనిచేసే అరికాళ్లకు అది ఇచ్చే సుఖం మాత్రం నిజం.

మూడో అడుగు: ఎవరి దగ్గరికి?

మన దేశంలో మసాజ్ చేసేవారికి డాక్టర్లకు, నర్సులకు ఉన్నట్టు ప్రత్యేకమైన లైసెన్సు వ్యవస్థ లేదు. అందుకే బోర్డు చూసి కాదు, అడిగి తెలుసుకోవాలి. నొప్పి ఉండి వెళ్తుంటే ఫిజియోథెరపీ డిగ్రీ ఉన్నవారిని, లేదా ఆయుర్వేద డాక్టరు స్వయంగా చూసి రాసిచ్చే కేంద్రాన్ని ఎంచుకోండి. కేవలం సేదతీరడానికైతే శిక్షణ పొందిన స్పా థెరపిస్టు చాలు. అమెరికాలో ఉన్నవారికి ఈ పని సులువు. అక్కడ చాలా రాష్ట్రాల్లో మసాజ్ థెరపిస్టుకు లైసెన్సు తప్పనిసరి, రాష్ట్ర వెబ్‌సైట్లో పేరు వెతికి చూసుకోవచ్చు. బిల్లుపై 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం అక్కడ ఆనవాయితీ.

ఫోను చేసి ఈ మాటలు అడగండి: ఎవరు చేస్తారు, ఎక్కడ నేర్చుకున్నారు? ఆడవారికి ఆడవారు, మగవారికి మగవారు చేస్తారా, ఎంపిక నాదేనా? ఒక్కొక్కరికీ ఉతికిన దుప్పటి వేస్తారా? ఏ నూనె వాడతారు? చెప్పిన గంటలో బట్టలు మార్చుకునే సమయం కూడా కలిసిందా? సూటిగా జవాబిస్తే మంచి గుర్తు. తడబడినా, "ముందు రండి, అన్నీ చెబుతాం" అన్నా వేరేచోటు చూసుకోండి. తెలిసినవాళ్లు వెళ్లివచ్చిన చోటుకు వెళ్లడం అన్నిటికన్నా మేలు.

మొదటి రోజే పది సార్ల ప్యాకేజీకి డబ్బు కట్టకండి. ఎంత తగ్గింపు ఇస్తామన్నా సరే. ఒకసారి చేయించుకుని, రెండు రోజులు ఒంటిని గమనించి, అప్పుడు నిర్ణయించుకోండి.

నాలుగో అడుగు: వెళ్లే రోజు

కడుపు నిండా తిని వెళ్లకండి, ఖాళీ కడుపుతోనూ వద్దు. టిఫిను తిన్న గంటన్నర, రెండు గంటలకు వెళ్తే సరిపోతుంది. షుగరు మందులు వేసుకునేవారు భోజనం వేళ దాటిపోకుండా చూసుకుని మసాజ్‌కు సమయం తీసుకోండి. మద్యం తాగి అసలు వెళ్లవద్దు. స్నానం చేసి, నగలు ఇంట్లో పెట్టి, పాత మెత్తని బట్టలు వేసుకుని పావుగంట ముందే చేరుకోండి. ఆదరాబాదరాగా ట్రాఫిక్‌లోంచి వచ్చి పడుకుంటే మొదటి ఇరవై నిమిషాలు ఒళ్లు స్థిమితపడటానికే పోతాయి.

అయిదో అడుగు: చేతులకన్నా ముందు మాటలు

మంచి థెరపిస్టు బల్లమీద పడుకోమనే ముందు కూర్చోబెట్టి అడుగుతారు. అడగకపోతే మీరే చెప్పండి. మీకున్న జబ్బులు, రోజూ వేసుకునే మాత్రలు, చేయించుకున్న ఆపరేషన్లు, ఒంట్లో ఉన్న రాడ్లు, పేస్‌మేకర్, ఏ నూనె పడదో, నువ్వులు, బాదం వంటివి తింటే దద్దుర్లు వస్తాయా, ఏ చోట ముట్టుకోకూడదో. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు.

"నొప్పి ఎక్కడ?" అంటే "మెడంతా" అనకుండా ఒక వేలితో చూపించండి. ఎప్పుడు మొదలైందో, ఏం చేస్తే పెరుగుతుందో చెప్పండి. ఆ ఫిజియోథెరపిస్టు నన్ను అడిగినప్పుడు నేను "కంప్యూటర్ ముందు సాయంత్రానికి పెరుగుతుంది" అన్నాను. ఆవిడ "ఫోను ఏ చెవి దగ్గర పెట్టుకుంటారు?" అని అడిగారు. ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని రెండు చేతులతో టైపు చేసే అలవాటు నాకు అప్పుడే స్ఫురించింది. సగం వైద్యం ఆ ప్రశ్నలోనే జరిగింది.

బట్టల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఎంతవరకు తీయాలన్నది మీ ఇష్టం. లోదుస్తులు ఉంచుకోవచ్చు. థెరపిస్టు గది బయటికి వెళ్లాకే మార్చుకోవాలి, మీరు దుప్పటి కప్పుకుని పిలిచాకే వారు లోపలికి రావాలి. పని జరుగుతున్న భాగం తప్ప మిగతా ఒళ్లంతా కప్పే ఉంచాలి. కాలికి చేస్తుంటే ఆ కాలొక్కటే బయట ఉంటుంది, అయ్యాక దాన్ని కప్పి రెండో కాలు తీస్తారు. రొమ్ములు, మర్మావయవాల జోలికి రాకూడదు. హద్దు దాటుతున్నట్టు అనిపించినా, మాటల్లో తేడా వినిపించినా "ఆపండి" అని చెప్పి లేచి వచ్చేయండి. కారణం చెప్పవలసిన పనిలేదు. తలుపు లోపల గడియ వేసుకునే గదికి ఒప్పుకోకండి.

ఆరో అడుగు: బల్లమీద

బోర్లా పడుకున్నప్పుడు ముఖానికి గుండ్రని ఖాళీ ఉన్న దిండు ఉంటుంది. చీలమండల కింద చిన్న చుట్ట పెడితే నడుము మీద భారం తగ్గుతుంది, పెట్టకపోతే అడగండి. చలిగా ఉంటే చెప్పండి, ఫ్యాన్ కింద వణుకుతున్న కండరం వదులవదు. మంచి చేతిపని మొదట్లోనే తెలుస్తుంది. నూనె గిన్నెను వేడినీళ్ల పాత్రలో ఉంచి గోరువెచ్చగా చేసి, మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకుని, రెండు అరచేతులూ రాపాడించి, అప్పుడు వీపు మీద మోపుతారు. ముందు పొడవుగా నిమురుతారు. ఆ నిమరడంలోనే ఎక్కడ బిగువుగా ఉందో వేళ్లు వెతుక్కుంటాయి. కాసేపయ్యాకే పిసకడం మొదలవుతుంది.

ఒత్తిడిని 10కి లెక్కకట్టుకోండి. సున్నా అంటే తాకినట్టే లేదు, 10 అంటే భరించలేనిది. 5, 6 దగ్గర "నొప్పే గానీ హాయిగా ఉంది" అనిపిస్తుంది. 7కు చేరితే నోరు తెరిచి చెప్పాలి. లెక్క తెలియకపోతే ఊపిరిని గమనించండి: ఊపిరి బిగపట్టారంటే, కాలి వేళ్లు ముడుచుకున్నాయంటే ఒత్తిడి ఎక్కువైందని అర్థం. ఒళ్లు తనను తాను కాపాడుకోవడానికి బిగుసుకున్నప్పుడు ఎంత నొక్కినా పట్టు విడదు. జివ్వున కాలిలోకో చేతిలోకో నొప్పి పాకినా, తిమ్మిరెక్కినా వెంటనే ఆపమనండి, అది నరం.

నిద్రపట్టడం, గురక రావడం, కడుపులో గుడగుడలు, కారణం తెలియకుండా కళ్లలో నీళ్లు తిరగడం మామూలే. థెరపిస్టులు రోజూ చూసేవే. మాట్లాడాలని లేకపోతే మాట్లాడకండి, కళ్లు మూసుకుంటే వారికి అర్థమవుతుంది. కానీ ఒత్తిడి గురించి, నొప్పి గురించి చెప్పవలసింది మాత్రం మొహమాటపడి దాచుకోవద్దు. మనకు మొహమాటం ఎక్కువ. పెద్దవయసు ఆవిడ చేస్తుంటే "పాపం కష్టపడుతోంది, ఎలా చెప్పాలి" అనుకుంటాం. మీరు చెప్పకపోతే ఆవిడ అంత బలమూ అనవసరంగా ఖర్చుపెడుతున్నట్టే.

ఏడో అడుగు: దిగాక

ఒక్కసారిగా లేవకండి. పక్కకు ఒత్తిగిలి, చేయి ఊతంగా కూర్చుని, ఒక నిమిషం ఆగి కాళ్లు కింద పెట్టండి. బీపీ కాస్త తగ్గి ఉంటుంది, పెద్దవారికి కళ్లు తిరగవచ్చు. అరికాళ్లకు నూనె ఉంటే తుడిచాకే నేల మీద అడుగు పెట్టాలి. దాహమైతే నీళ్లు తాగండి. మగతగా ఉంటే బండి నడపకుండా కాసేపు కూర్చోండి.

ఒకటి రెండు రోజులు ఒళ్లు పచ్చిగా, కొత్తగా వ్యాయామం చేసినట్టు నొప్పిగా ఉండవచ్చు. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే తగ్గుతుంది. మూడో రోజుకూ తగ్గకపోయినా, కమిలిన మచ్చలు కనిపించినా ఈసారి ఒత్తిడి తగ్గించమనాలి, లేదా మనిషిని మార్చాలి. మూత్రం డికాషన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. అరుదే గానీ, మరీ మోటుగా పిసికినప్పుడు కండరం దెబ్బతిని, అందులోంచి విడుదలైన పదార్థం మూత్రపిండాలకు చేరుతుంది. తీవ్రమైన తలనొప్పి, రెండుగా కనిపించడం, మాట తడబడటం మొదలైతే 108కి ఫోను చేయండి.

ఎన్నిసార్లు వెళ్లాలి అంటే, పాత నొప్పికి వారానికి ఒకసారి చొప్పున నాలుగు సార్లు చూడండి. ప్రతిసారీ ముందు, రెండు రోజుల తరువాత నొప్పిని 10కి ఎంతో ఒక కాగితం మీద రాసుకోండి. నాలుగింటికీ కదలిక లేకపోతే డబ్బు అక్కడ ఆపి, నొప్పికి అసలు కారణం వెతకండి. తగ్గితే వ్యాయామం జత చేయండి, మర్దన ఒక్కదానితో వచ్చిన మేలు ఎక్కువ కాలం నిలవదు.

ఇంట్లో పెద్దవారికి పాదాలు పట్టాలనుకుంటే

ఖర్చు పెట్టలేనివారికి, ఇల్లు కదలలేని పెద్దవారికి ఇది చేతనైన పని, ఎవరైనా నేర్చుకోవచ్చు. రెండు పాదాలకు రెండు చెంచాల నువ్వుల నూనె చాలు. వేసవిలో కొబ్బరినూనె వాడవచ్చు. మంటపై నేరుగా కాకుండా వేడినీళ్లలో గిన్నె పెట్టి వెచ్చబరచండి. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, వేడి వారికి తెలియదు, కాబట్టి మీ మణికట్టు మీదే చూసుకోవాలి.

వారిని మంచం మీద ఆనుకుని కూర్చోబెట్టి, మోకాలి కింద దిండు పెట్టి, పాత తువ్వాలు పరచండి. చీలమండ నుంచి మోకాలి వైపు పైకి నాలుగైదు సార్లు నిమరండి. చీలమండ చుట్టూ గుండ్రంగా తిప్పండి. బొటనవేళ్లతో మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి మీద నెమ్మదిగా నొక్కుతూ వెళ్లండి. ఒక్కో కాలివేలినీ మొదలు నుంచి చివరిదాకా మెత్తగా లాగండి. ఒక్కో పాదానికి ఏడెనిమిది నిమిషాలు. అయ్యాక నూనె పూర్తిగా తుడవండి. వేళ్ల సందుల్లో తడిగానీ నూనెగానీ ఉంచవద్దు. నూనె కాళ్లతో బాత్రూంలోకి నడవనివ్వకండి, పెద్దవారి తుంటి ఎముకలు విరిగేది ఇలాంటి నేలమీదే.

అమ్మకు ఆదివారం రాత్రుళ్లు ఇలా చేస్తాను. కిందటి చలికాలంలో కుడి పాదం పడుతుంటే చిటికెనవేలి కింద బొటనవేలికి ఏదో గరుకుగా తగిలింది. దీపం దగ్గరికి తెచ్చి చూస్తే బియ్యపు గింజంత పగులు, లోపల ఎర్రగా ఉంది. "నొప్పి లేదా?" అంటే "ఎక్కడ?" అంది. ఆ రోజుతో ఆ పాదానికి మర్దన ఆపి, సబ్బు నీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, మర్నాడు ఉదయమే డాక్టరుకు చూపించాం. ఇప్పుడు గిన్నె వెచ్చబెట్టడానికి ముందే రెండు పాదాలనూ దీపం కింద తిప్పి చూస్తున్నాను. వేళ్ల సందులు, మడమ అంచులు, గోళ్ల మూలలు, ఆ తరువాతే నూనె.